ఆఫ్ చేసిన గ్లాస్ స్టవ్ అరగంట తర్వాత దానంతట అదే పేలిపోయింది, ఎందుకు?

కొర్లగుంట కోడలు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మొన్న పెరటాసి నెల రెండో శనివారం మా ఇంట్లో తళిగ (వెంకటేశ్వరస్వామికి ఆకులో వేసే నైవేద్యం) వేసుకున్నాం, ఆ రోజు జరిగింది ఇంకా కళ్ల ముందరే ఉండాది, అందుకే రాస్తా ఉన్నా, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తెల్లారి నాలుగు గంటలకే లేచి తలకి పోసుకుని స్టవ్ వెలిగించినా. మాది మూడు బర్నర్ల గ్లాస్ టాప్, నల్ల గ్లాసు, కొని రెండేళ్లు దాటింది. ఎడమ పక్క పెద్ద బర్నర్ మీద పులిహోరకి అన్నం దబర, కుడి పక్క వడలకి బాండలి, మధ్యలో చిన్నదాని మీద పాయసం. చుట్టాలు వస్తారు కాబట్టి ఇరవై మందికి వంట, తొమ్మిదిన్నర దాకా మూడూ ఆపకుండా మండతానే ఉన్నాయి. అంతా అయినాక స్టవ్ ఆపి, పాయసం పొంగి గ్లాసు మీద పడుంటే తడిగుడ్డతో ఒకసారి తుడిచేసి దేవుని గదిలోకి పోయినా. అరిటాకులో తళిగ వేసి, పిండి దీపాలు వెలిగించి, గోవిందా గోవిందా అంటా ఉన్నాం, అప్పుడు వంటింట్లో ఢామ్మని శబ్దం. సిలిండరే అనుకుని మా ఆయన పరిగెత్తినాడు. పోయి చూస్తే స్టవ్ మీద గ్లాసు లేదు! బర్నర్లు కిందికి కుంగిపోయి ఉండాయి, నేలంతా గాజు, కండ చక్కెర మాదిరి చిన్న చిన్న ముక్కలు. ఇంకో మాట చెప్తే నమ్మరు, కింద పడినాక కూడా ఆ ముక్కలు రెండు మూడు నిమిషాలు చిటపట చిటపటమని విరగతానే ఉన్నాయి, పెనంలో ఆవాలు వేసినట్టు.

పక్కన గట్టు మీద పెట్టిన పులిహోరలో, వడల గంపలో అంతా గాజు, మొత్తం పారబోసినాం. అప్పటికి రెండు నిమిషాల ముందు మా నాలుగేళ్లోడు వడ కావాలని ఆ స్టవ్ దగ్గరే నిలబడి ఏడస్తా ఉన్నాడు, వాణ్ణి ఎత్తుకుని వచ్చినా. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ చేతులు వణకతాయి.

మా అత్తమ్మ అయితే తళిగ రోజు ఇట్లా జరిగింది అపశకునం అని అన్నం తినలేదు. షాపాయన్ని అడిగితే "గ్లాసుకి వారంటీ లేదమ్మా, మీరే ఏదో కొట్టుంటారు" అంటాడు. నేను ఏమీ కొట్టలేదు. ఆఫ్ చేసి అరగంట అయింది, దాని దగ్గర మనిషే లేడు. మరి ఎట్లా పగిలింది? ఇప్పుడు గాజు షాపులో కొలత ఇచ్చి కొత్త గ్లాసు కోయించి వేయించుకోవచ్చా, లేకపోతే స్టవ్వే మార్చాలా?

స్టవ్ సర్వీస్ అన్న:

అక్కా, పిల్లోడికి ఏమీ కాలేదు, ముందు అది చాలు. నేను తిరుపతిలోనే 18 ఏళ్ల నుంచి స్టవ్‌లు సర్వీస్ చేస్తా ఉన్నా, మీరు చెప్పింది చానా ఇండ్లలో చూసినా, అందరూ ఇదే మాట, "ఆఫ్‌లో ఉండాది, ఎవరూ తాకలేదు" అని. వాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే అట్లే పగులుతుంది.

ఇది గ్యాస్ పేలడం కాదు. గ్యాస్ అంటుకుని ఉంటే మంట వస్తుంది, కిటికీ అద్దాలు పోతాయి, గోడకి మసి పడతాది. ఇది ఉత్త గ్లాసు. అయినా గ్లాసు పగిలినప్పుడు బర్నర్లు కుంగి లోపలి పైపు, జాయింట్లు కదిలి ఉంటాయి కాబట్టి రెగ్యులేటర్ ఆపి ఊడదీసి పక్కన పెట్టండి, ఆ ఫ్రేముని మళ్లీ వెలిగించి చూడొద్దు. వాసన వస్తే స్విచ్‌లు ఏవీ వేయకుండా తలుపులు కిటికీలు తీసి 1906కి ఫోన్ చేయండి, అది గ్యాస్ లీకుకి ఎమర్జెన్సీ నంబరు.

ఇప్పుడు నాకు మూడు సంగతులు చెప్పండి. ఆ అన్నం దబర ఎంత వెడల్పు? పక్క బర్నర్ మీదికి వచ్చేదా? ఎడమ పక్క బర్నర్ వెలిగించేటప్పుడు కానీ ఆపేటప్పుడు కానీ "భుక్" మని శబ్దం వచ్చేదా? ఫ్రేముని తిరగేసి చూడండి, ఏ బర్నర్ దగ్గరైనా కింది రేకు మీద మసి ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, గ్లాస్ టాప్ పగిలేది పైమంట వల్ల కంటే కిందికి తిరిగే వేడి వల్లే ఎక్కువ. మంట పైకి పోవాలి, దానికి దారి కావాలి. వెడల్పు గిన్నె పెడితే మంటకి పైకి దారి లేక పక్కలకి పరుచుకుని, గిన్నె అడుగుకి తగిలి వేడంతా గ్లాసు మీదికి తిరుగుతుంది. పక్క పక్కన రెండు పెద్ద గిన్నెలు పెడితే ఆ రెంటి మధ్యలో గ్లాసు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, చిన్న కుటుంబం వంటకి ఏమీ కాదు, ఇట్లా పండగ పూట ఐదారు గంటలు ఒకేసారి మండించినప్పుడే తేడా వస్తాది. రెండోది ఆ భుక్ శబ్దం. జెట్‌లో (గ్యాస్ బయటికి వచ్చే సన్న రంధ్రంలో) దుమ్ము చేరినా, సాలీడు గూడు పెట్టినా, బర్నర్ మూత సరిగ్గా కూర్చోకపోయినా మంట వెనక్కి పోయి లోపలి గొట్టంలోనే మండుతుంది, అంటే గ్లాసు కింద. పైన చిన్న మంట కనపడతా ఉంటాది, కింద గ్లాసు కాలతా ఉంటాది, మనకి తెలీదు.

కొర్లగుంట కోడలు:

అన్నా, మీరు మా వంటింట్లో నిలబడి చూసినట్టే చెప్పినారు. దబర జానన్నర పైనే ఉంటాది, మధ్య బర్నర్ మీదికి సగం వచ్చేది, పాయసం గిన్నె పట్టక పక్కకి జరిపి పెట్టినా. ఎడమ బర్నర్ నాలుగైదు నెలల నుంచి భుక్కుమంటానే ఉంది, మంట కూడా పసుపుపచ్చగా వచ్చేది, ఎవరినైనా పిలిపిద్దామని రోజూ అనుకోవడమే. ఇప్పుడే తిరగేసి చూసినాం, ఎడమ పక్క రేకు మీద అరచెయ్యంత నల్లగా మసి ఉండాది, పెయింటు కూడా పొక్కిపోయింది.

కానీ అన్నా, అంత వేడికి పగలాలంటే మండేటప్పుడే పగలాలి కదా? చల్లారినాక ఎందుకు?

గ్లాసు ఫ్యాక్టరీ చిత్తూరోడు:

నేను జవాబు చెప్తానండీ. మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట, పదేళ్లు శ్రీపెరంబుదూరు వైపు టఫెన్డ్ గ్లాసు చేసే దాంట్లో పని చేసినా.

టఫెన్డ్ గ్లాసు అంటే మామూలు గాజునే కొలతకి కోసి, రంధ్రాలు వేసి, అంచులు నున్నగా చేసి, ఆ తర్వాత కొలిమిలో 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, బయటికి తీసిన వెంటనే రెండు పక్కలా గాలి జోరుగా కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలిది ఇంకా వేడిగా ఉంటుంది. లోపలిది నిదానంగా చల్లారి కుంచించుకోవాలని చూస్తే పైపొర ఒప్పుకోదు. దాంతో పైపొర ఎప్పటికీ నొక్కుకుని ఉంటుంది, లోపలి భాగం ఎప్పటికీ లాగబడి ఉంటుంది. నవారు మంచం బిగించినట్టు అనుకోండి, ఆ బిగువే దాని బలం, అందుకే మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు దెబ్బ తట్టుకుంటుంది. కానీ ఒక్క చోట నవారు తెగితే మంచమంతా వదులైపోయినట్టు, ఒక్క చోట బీట లోపలి పొరదాకా పోయిందంటే మొత్తం గ్లాసు ఒక్క క్షణంలో పలుకులైపోతుంది. మీరు విన్న చిటపట కూడా అదే, పెద్ద ముక్కల్లో ఇంకా మిగిలిన బిగువు తీరేదాకా విరగతానే ఉంటాయి.

6 ఎంఎం గ్లాసులో నొక్కుకుని ఉండే ఆ పైపొర ఒక్కో పక్క సుమారు 1.2 ఎంఎం మాత్రమే. దాన్ని దాటనంత వరకు గీతలు పడినా ఏం కాదు. ఇనుప పీచుతో రుద్దిన గీతలు, గిన్నె అంచు తగిలి అంచులో లేచిన చిన్న పెచ్చు, స్టాండు కాళ్లకి రబ్బరు పోయి ఉక్కు నేరుగా గ్లాసు మీద కూర్చోవడం, ఇవన్నీ గీతలే. వేడెక్కినప్పుడు, చల్లారినప్పుడు, తడి తగిలినప్పుడు ఆ గీత వెంట్రుకవాసి వెంట్రుకవాసి లోపలికి దిగతా పోతుంది. ఇదంతా నెలల తరబడి జరుగుతుంది, ఆఖరి వెంట్రుకవాసి ఏ క్షణంలో దాటుతుందో మన చేతిలో లేదు.

ఇంక మీ ప్రశ్న, ఆఫ్ చేసినాక ఎందుకు అని. స్టవ్ ఆపినా బర్నర్ ఇత్తడి చానాసేపు వేడిగానే ఉంటుంది, దాని చుట్టూ గ్లాసు వేడి, అంచులు మాత్రం గాలికి తొందరగా చల్లారతాయి. చల్లారిన భాగం ముడుచుకోవాలని చూస్తుంది, వేడి భాగం అడ్డుపడుతుంది, ఆ గుంజులాట అంచుల మీద, రంధ్రాల మీద పడుతుంది. దానికి తోడు మీరు తడిగుడ్డతో తుడిచినారు. ఏ దెబ్బా లేని మంచి టఫెన్డ్ గ్లాసు 200 డిగ్రీల తేడానైనా తట్టుకుంటుంది, తడిగుడ్డ దాన్నేమీ చేయదు. నెలల తరబడి కింద మంట తగిలి, గీతలు పడిన గ్లాసుకి మాత్రం అది ఎక్కువే. మీ తప్పు అని అనడం లేదమ్మా, ఎవరైనా అట్లే తుడుస్తారు.

ఇంకో కారణం ఉంది, అది గ్లాసు పుట్టుకలోనే ఉంటుంది. గాజు కరిగించేటప్పుడు నికెల్ సల్ఫైడ్ అనే చిన్న నలుసు, కంటికి కూడా సరిగ్గా ఆననిది, ఒక్కోసారి లోపల ఉండిపోతుంది. అది 379 డిగ్రీల పైన ఒక రూపంలో ఉంటుంది, కిందికి వస్తే ఇంకో రూపానికి మారాలి, మారితే రెండు నుంచి నాలుగు శాతం లావు అవుతుంది. మామూలు గాజు నిదానంగా చల్లారుతుంది కాబట్టి దానికి మారే టైం దొరుకుతుంది. టఫెన్డ్ గ్లాసుని గాలి కొట్టి సెకన్లలో చల్లారుస్తారు కదా, ఆ నలుసు పాత రూపంలోనే ఇరుక్కుపోయి, తర్వాత నెలలకో ఏళ్లకో మెల్లగా లావవుతుంది. మధ్యలో లాగబడి ఉన్న చోట ఉంటే అంతే, అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు కూడా పేలుతుంది. మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద బిల్డింగ్ అద్దాలు ఊరికే పగిలిపోతా ఉంటే పరిశోధించి 1961లో ఈ సంగతి బయటపెట్టినారు. పగలడం మొదలైన చోట రెండు ముక్కలు కొంచెం పెద్దగా, సీతాకోకచిలుక రెక్కల మాదిరి పక్కపక్కన ఉంటాయి, మధ్యలో ఆ నలుసు. ఇట్లాంటివి ముందే పగిలిపోయేలా ఫ్యాక్టరీలోనే 290 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి చూసే పద్ధతి ఉంది, పెద్ద బిల్డింగుల అద్దాలకి అడిగి చేయించుకుంటారు.

మీ దాంట్లో మసి, భుక్ శబ్దం, వెడల్పు దబర మూడూ ఉన్నాయి కాబట్టి నలుసు దాకా పోనక్కర్లేదు, వేడే అని నా లెక్క.

గాజు షాపు సంగతి, దయచేసి అట్లా చేయొద్దమ్మా. టఫెన్ చేసినాక గ్లాసుని కోయడం, రంధ్రం వేయడం కుదరదు, కట్టర్ తగిలితేనే పలుకులైపోతుంది. అంటే షాపులో కోసి ఇచ్చేది మామూలు కిటికీ గాజు అన్నట్టు. అది 40 డిగ్రీల తేడాకే పగులుతుంది, పగిలితే కండ చక్కెర మాదిరి కాదు, కత్తుల మాదిరి పగులుతుంది.

పీలేరు పెద్దమ్మ:

తల్లీ, మీ అత్తమ్మకి ఈ మాట చెప్పు. అపశకునం అయితే పిల్లోడు ఆ పొయ్యి దగ్గర ఉన్నప్పుడే పగిలేది. ఆ ఏడుకొండలవాడు వాణ్ణి నీ చంకనెక్కించి బయటికి పంపినాకే పగలనిచ్చినాడు. తళిగ పాడైందని మనసులో పెట్టుకోవద్దు, పెరటాసిలో శనివారాలు ఇంకా ఉన్నాయి కదా, మళ్లీ వేసుకోండి.

ఇంకోటి, మీ ఇంట్లో సంగటి చేస్తారా? మా చిన్న కోడలు ఇంట్లో ఇట్లే పగిలింది, అదీ సంగటి వండినాకే. మేమైతే ఉడికినాక దబర కిందికి దించి, మసిగుడ్డతో పట్టుకుని నేల మీద పెట్టి కట్టెతో గెలుకుతాం. ఈ కాలం పిల్లలు వంగలేక స్టవ్ మీదే పెట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని బలమంతా పెట్టి రుద్దుతారు, ఆ బరువంతా ఆ నాలుగు ఇనుప కాళ్ల మీద, ఆ కాళ్లు గాజు మీద. గాజుకి అది ఎట్లా ఓర్చుకుంటాదమ్మా.

స్టవ్ సర్వీస్ అన్న:

పెద్దమ్మ చెప్పింది నూటికి నూరు నిజం. నా దగ్గరికి వచ్చే గ్లాస్ టాప్‌లలో స్టాండు కాలు కింద గ్లాసు మీద తెల్లగా చిన్న చుక్క మాదిరి దెబ్బ ఉంటాది, వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. అది కనపడిందంటే ఆ గ్లాసు మీద నమ్మకం వదులుకోవడమే. స్టవ్ అడుగున నాలుగు రబ్బరు కాళ్లలో ఒకటి ఊడిపోయి, కింద అట్ట ముక్క పెట్టి నడిపేవాళ్లు కూడా చానామంది, ఫ్రేము మెలి తిరిగి గ్లాసు అంచు మీద బరువు పడతాది.

భాకరాపేట స్టూడెంట్:

మధ్యలో వస్తున్నందుకు సారీ. మా రూంలో ఇండక్షన్ స్టవ్ ఉంది, దాని గ్లాసు మీద చిన్న బీట వచ్చింది, పని చేస్తానే ఉంది. అది కూడా ఇట్లా పేలుతుందా? వాడుకోవచ్చా?

గ్లాసు ఫ్యాక్టరీ చిత్తూరోడు:

తమ్ముడూ, మంచి ఇండక్షన్ మీద ఉండేది వేరే రకం, గ్లాస్ సెరామిక్ అంటారు. వేడికి అది పెరగదు తరగదు, అందుకే ఒక చోట ఎర్రగా కాలుతున్నా పక్కన చల్లగా ఉన్నా పగలదు. దాన్ని టఫెన్ చేయరు కాబట్టి పలుకులు పలుకులు కాదు, గీతలుగా పగులుతుంది. చాలావరకు గిన్నె జారి పడో, మూత అంచు తగిలో వస్తుంది బీట. పేలుతుందని కాదు, ఆ బీటలోంచి నీళ్లో పాలో లోపల కరెంటు మీదికి దిగితే షాక్ కొడుతుంది. ఇప్పుడే ప్లగ్ పీకెయ్, గ్లాసు మార్పించేదాకా వాడొద్దు. నిజంగా చెప్తున్నా, ఈరోజు రాత్రి మ్యాగీ కోసం కూడా వద్దు.

అలిపిరి దారిలో:

షాపాయన వారంటీ లేదన్న సంగతి గురించి ఒక మాట. బిల్లు, వారంటీ కార్డు తీసి చదవండి, గ్లాసుకి వేరేగా ఎన్నేళ్లు రాసినారో చూడండి, కొన్నిటికి ఉంటుంది. ఫొటోలు తీసి పెట్టుకోండి, ముఖ్యంగా అడుగున ఆ మసి. షాపులో మాట వినకపోతే 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

గాజు ఏరడానికి చీపురుతో పాటు గోధుమపిండి గట్టిగా కలిపి ముద్ద చేసి నేల మీద అద్దతా పోండి, చీపురుకి రాని సన్న పలుకులన్నీ దానికి అంటుకుంటాయి. ఆ ముద్దని కాగితంలో చుట్టి పారేయండి, ఆవులు తినే చోట వేయొద్దు.

కొర్లగుంట కోడలు:

అందరికీ చానా థాంక్స్. రాసి పది రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. పెద్దమ్మ మాట అత్తమ్మకి చదివి వినిపించినా. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత పిల్లోణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చాలాసేపు తల నిమరతా ఉండిపోయింది. పోయిన శనివారం మళ్లీ తళిగ వేసినాం, ఆమే దగ్గరుండి వడలు కాల్చింది.

స్టవ్ మార్చేసినాం, స్టీలుదే తీసుకున్నాం, రెండు బర్నర్లు, ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4246 (ఇంటి గ్యాస్ స్టవ్‌ల ప్రమాణం నంబరు) అని ఉందో లేదో మా ఆయన అక్కడే నిలబడి చూసినాడు. పాత గ్యాస్ గొట్టం మీద తేదీ చూస్తే ఐదేళ్లు దాటిపోయింది, అది కూడా మార్చినాం. పెద్ద దబర వంటకి మేడ మీద విడిగా ఒక ఇనుప పొయ్యి పెట్టుకున్నాం, ఇంక దాన్ని వంటింట్లోకి తీసుకురాను. గోధుమపిండి ముద్ద చానా బాగా పని చేసింది, ఫ్రిజ్ కింద నుంచి నిన్న కూడా రెండు పలుకులు వచ్చినాయి.

పాత ఫ్రేము పాత సామాన్లాయనకి వేసేద్దామనుకుంటున్నా, వేయొచ్చా అన్నా?

స్టవ్ సర్వీస్ అన్న:

ఫ్రేము వేసేయండి అక్కా, కానీ ముందు చేతికి మందం గుడ్డ చుట్టుకుని అంచుల్లో సిలికాన్ జిగురుకి అంటుకున్న గాజు ముక్కలు గీకి తీసేయండి, లేకపోతే పాపం ఆయన చెయ్యి తెగుతుంది. మూడు బర్నర్ మూతలు మాత్రం ఊడదీసి పెట్టుకోండి, బరువుగా ఉండి ఇత్తడివైతే కిలో లెక్కన విడిగా అమ్ముకోవచ్చు.